పన్నెండు ఫారాల పాఠకులు

డిటెక్టివ్ నవలలు రాసే మనిషి చనిపోవడం కంటే పాఠకులకు జరగగల మేలు మరొకటి లేదు!

ముఖం చిట్లించుకోకండి. నగరి చెంగల్రాయుడుగారంటే నాకూ గౌరవమే. ముప్పై నవలలు రాసి, వాటిలో తక్కువలో తక్కువ నూరు మందిని చంపిన మనిషి. తాను మాత్రం మొన్నటి ధనుర్మాసంలో మామూలు జ్వరం వచ్చి, మంచం మీద పడుకుని, ఏ మర్మమూ లేకుండా వెళ్లిపోయాడు. పాఠకులను ఆయన నిరాశపరచింది ఆ ఒక్కసారే.

ఆయన బతికి ఉన్నంత కాలం మా చిత్తూరులో ఆయన నవల చదివినవారు ఒక్కరూ లేరు. ఒట్టు! హైస్కూలు హెడ్మాస్టరుగారు అలాంటి పుస్తకాలను వేలితోనైనా ముట్టేవారు కారు. డాక్టరుగారికి రోగులతోనే తీరిక లేదు. వకీళ్లకు నిజమైన హత్యలే చాలినన్ని ఉన్నాయి. మరి రీడింగ్ రూములో ఆ నవలలు నలిగి, అట్టలు ఊడి, ఒకటి నస్యం వాసన, ఒకటి అయొడిన్ వాసన ఎందుకు కొట్టేవి? దయ్యాలు చదివి ఉంటాయి. నస్యం పీల్చే దయ్యాలు!

ఆయన పోయిన కబురు మద్రాసు రైలు దిగిందో లేదో, సాయంకాలానికల్లా ఊరంతా పాఠకులే. ఆ నవలల్లోని విషాలన్నీ తాను చెప్పినవేనని డాక్టరుగారు బయటపెట్టారు. ఆయన తెలుగు దిద్దింది తానేనని హెడ్మాస్టరుగారు ఒప్పుకున్నారు. చెంగల్రాయుడుగారు తన మండీలో కూర్చుని రెండు మామిడిపండ్లు తిన్నాడనీ, ఆ తరువాతే ఆయనకు కథలు తోచాయనీ మండీ యజమాని చెప్పాడు. ఒక పెద్దమనిషి అయితే నవలల్లోని డిటెక్టివుకు పెట్టిన ముక్కు తన ముక్కేనని చెప్పి, అందరికీ పక్కకు తిరిగి చూపించాడు.

జ్వరం తగ్గి ఆయన లేచి కూర్చుని ఉంటే ఇంత సాహిత్యాభిమానం బయటపడేదా? మీరే చెప్పండి!

ఇక రెండో మేలు గురించి చెబుతాను. పుస్తకానికి చివరి ఫారం లేకపోవడం. ఇది మొదటిదానికంటే పెద్ద మేలు.

చెంగల్రాయుడుగారి నవలల్లో గొప్పది 'పాకాల జంక్షన్ మర్మం' అని అందరూ అంటారు. పాకాల స్టేషనులో ఆగిన రైలుపెట్టెలో ఒక మామిడి సాహుకారు చచ్చి పడి ఉంటాడు. చంపింది ఎవరు? ఫారానికి పదహారు పేజీల చొప్పున మొత్తం పదమూడు ఫారాల పుస్తకం. యుద్ధం పుణ్యమా అని కాగితం కరువై మళ్లీ అచ్చు పడలేదు. జిల్లా అంతటికీ దొరికేది మా రీడింగ్ రూములోని ఒక్క ప్రతి. అది మూడేళ్ల కిందట బైండింగుకు వెళ్లింది. వచ్చేటప్పుడు పన్నెండు ఫారాలే వచ్చాయి. హంతకుడు పదమూడో ఫారంలో ఉన్నాడు.

ఆ పదమూడో ఫారం చిత్తు కాగితాలలో కలిసి, కోర్టు ఎదుట బొరుగులమ్మే తాయమ్మ గంపలోకి చేరింది.

తాయమ్మ మొగుడు పోయి పదేళ్లయింది. బొరుగులు, వేరుశనగలు, ఉప్పూకారం, ఒక గంప, ఒక చేట. పొట్లాలకు చిత్తు కాగితాలు కావాలి కాబట్టి ఊళ్లోని రాతకోతలన్నీ చివరికి ఆమె చేతికే వచ్చేవి. దావాలు, జవాబులు, శుభలేఖలు, పరీక్ష పేపర్లు. వాటిలో ఏముందో తెలియకుండానే సగం ఊరి రహస్యాలను ఆమె పొట్లాలుగా చుట్టి ఇచ్చింది.

మిషను బడి అయ్యవారు ప్రేమానందంగారు ఇంటికి పోతూ రోజూ ఆమె దగ్గర ఆగేవారు. ఒకనాడు తాయమ్మ పొట్లం తిప్పి చూపిస్తూ, "ఇది ఏమి అచ్చరం అయ్యవారూ?" అని అడిగింది. ఆయన చెప్పారు. మరునాడు ఇంకొకటి. అప్పటికామెకు నలభై ఎనిమిదేళ్లు. అక్షరాలు, గుణింతాలు అయినాయి. ఒత్తులు ఇంకా రాలేదు. సరిగ్గా అప్పుడు వచ్చింది ఆ ఫారం.

ఫారానికి ఎనిమిది కాగితాలు. ఆరు పొట్లాలైపోయాయి. ఏడోదాన్ని మడవబోతూ తాయమ్మ చేయి ఆగింది. మొదటి వరసలో ఒత్తులు లేవు! కూడుకుంది. నే, నే. చం, పి, నా, ను.

నేనే చంపినాను.

ఆమె జీవితంలో ఎవరి సాయమూ లేకుండా చదివిన మొదటి వాక్యం అది. మనమంతా 'అల, వల, తల' అని మొదలుపెట్టినవాళ్లం. తాయమ్మ హత్యతో మొదలుపెట్టింది.

ఆ రెండు కాగితాలను ఆమె చుట్టలేదు. వాటికోసమే ఒత్తులు నేర్చుకుంది. అందులో హంతకుడు తాను చేసింది చెప్పుకుంటూ పోతాడు. నేను, నేను, నేను. పేరు ముందరి కాగితాల్లో పోయింది. ఆ 'నేను' ఎవరు? మూడేళ్లు తాయమ్మ ఆ ఒక్క మాట పట్టుకుని కూర్చుంది. ఎప్పటికైనా చెంగల్రాయుడుగారు కోర్టు పనిమీద చిత్తూరు రాకపోతాడా, అడగకపోతానా అనుకుంది. ఆయన రాలేదు. ఆయన చావు కబురు వచ్చింది.

సంతాప సభ రీడింగ్ రూములో జరిగింది. గుమ్మం మీద 'స్త్రీలకు ప్రవేశము లేదు' అని బోర్డు ఉంది కాబట్టి తాయమ్మ లోపలికి పోలేదు. కిటికీ దగ్గర నిలబడింది. ఇంతమంది పాఠకులు ఒక్కచోట చేరినారు, ఒక్కరికైనా తెలియకపోతుందా? అధ్యక్షులు వకీలు దొరస్వామి పిళ్లెగారు కళ్లు తుడుచుకుని కూర్చోగానే, కిటికీలోంచి గొంతు వచ్చింది.

"సామీ, ఒక మాట. ఆ పాకాల మర్మంలో సంపింది ఎవురు?"

సభ నవ్వింది. డాక్టరుగారు జాలిపడి చెప్పారు. "ఆ మాత్రం తెలీదా? వకీలు!"

"వకీలా? ఎవురు చెప్పినారయ్యా మీకు?" అని లేచారు దొరస్వామి పిళ్లెగారు. "సంపింది డాక్టరు. కడాన దొరికిపోతాడు గదా!"

"మీరిద్దరూ సరిగా చదివినట్టు లేదు," అన్నారు హెడ్మాస్టరుగారు. "సాహుకారు రెండో పెళ్లాం. అట్లాంటివాళ్లే చంపుతారు." ఇంట్లో తనకున్నది రెండో భార్యేనన్న సంగతి ఆ క్షణానికి ఆయనకు గుర్తు రాలేదు.

"స్టేషన్ మాస్టరప్పా!" అన్నాడు మండీ యజమాని. "మామిడికాయలకు వ్యాగను అడిగితే వారం తిప్పుతాడు. వాడు గాక ఇంకెవురు సంపుతారు?"

సభ ఒక్కసారి చల్లబడింది. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆయన పోయిన నాటి నుంచీ ఒకరి ముందర ఒకరు, "ఆ ముగింపు ఉందే, అబ్బబ్బ!" అంటూ తలలాడించినవాళ్లంతా పన్నెండు ఫారాల పాఠకులే!

ఇందులో సిగ్గుపడవలసింది ఏముంది? పదమూడో ఫారం ఉన్న ఊళ్లలో ఒక పుస్తకానికి ఒకే హంతకుడు. మా ఊళ్లో నలుగురు. ఎవరికి పడనివాణ్ని వారు ఉరి తీసుకోవచ్చు. ఇంతటి స్వేచ్ఛ ఏ రచయిత ఇచ్చాడు?

అధ్యక్షులు తేరుకుని గబగబా తీర్మానం చదివారు. దివంగతుని నవలలన్నీ ఇకమీదట అద్దాల బీరువాలో పెట్టాలి. తాళం వెయ్యాలి. తాళంచెవి అధ్యక్షుల దగ్గర ఉండాలి. అప్పటికప్పుడు 'పాకాల జంక్షన్ మర్మం' అట్టకు కుంకం పెట్టి, చేమంతుల దండ వేసి, బీరువాలో నిలబెట్టారు.

"సామీ," అంది కిటికీ, "అది నాకొకతూరి ఇయ్యండి. సదివి ఇచ్చేస్తా."

"నువ్వా? సదవతావా?"

"పొట్లాలు కట్టుకునేదానికేమో!" అని ఎవరో అన్నారు. మళ్లీ నవ్వులు.

"ఏమ్మే తాయమ్మా," అన్నారు పిళ్లెగారు, "అది జ్ఞాపకార్థం పెట్టిండేది. సదివేదానికి కాదు."

చూశారా, ఎంత గొప్ప మాట! నేను ఈ వ్యాసం రాయడానికి పూనుకున్నదే ఆ మాటను మీ ముందు పెట్టడానికి.

తాయమ్మ ఇంటికి పోయింది. మరునాడు గంప దించి, పెన్సిలు తడుపుకుని, పొట్లం కాగితాల మీద వంకర టింకర అక్షరాలతో ఒక వరస రాసింది. నేనే చంపినాను. ఆ రోజు కోర్టుకు వచ్చి బొరుగులు కొన్నవాళ్లందరి పొట్లాల మీదా అదే. ఒక కక్షిదారు అది చదివి దడుచుకుని రాజీ పడిపోయాడట.

రెండోరోజు, చంపి ఎక్కడికీ పోలేదు. మూడోరోజు, రైలు కదిలేదాకా అక్కడే కూర్చున్నాను. నాలుగోరోజు, పోలీసులు నా ముందర నుంచే నడిచిపోయినారు.

ఊరు ఊగిపోయింది. బొరుగులంటే గిట్టనివారు కూడా పొట్లం కొన్నారు. డాక్టరుగారు కాంపౌండరును పంపారు. హెడ్మాస్టరుగారు బడి గంట కొట్టకముందే వచ్చి నిలబడ్డారు. వకీళ్లు వాదనలు మానుకుని పొట్లాలు పక్కపక్కన పెట్టి, కూర్చున్నది వకీలా, డాక్టరా అని తగువులాడారు. మాట చూసి ఆడో మగో చెబుదామంటే 'నేను' అన్న మాటకు ఆ భేదం లేకపాయె! జీవితంలో మొదటిసారి మా ఊరు ఒక పుస్తకాన్ని, వరసకు వరస, నమిలి చదివింది.

అయిదోరోజు పొట్లాలు ఖాళీ. అక్షరం లేదు.

సాయంకాలం కోర్టు మూసినాక దొరస్వామి పిళ్లెగారు వచ్చారు. కండువా కింద ఏదో ఉంది.

"తర్వాత ఏమి రాసుండాది తాయమ్మా?"

"ఇంగొక్క మాట ఉండాది సామీ. మీ బీరువాలో పన్నెండు ఫారాలు ఉండాయి. అవి నేను సదివినాంక అది మీకు చూపిస్తా."

పిళ్లెగారు అటూ ఇటూ చూసి పుస్తకం తీశారు. అట్ట మీది కుంకం ఆయన కండువాకు అంటుకుంది. "బిర్రున సదివెయ్. పొద్దున్నే బీరువాలో ఉండాల."

"పొద్దునికా? నేను కూడుకొని సదివేదానికి, నాలుగు నెలలు పడతాది."

"నాలుగు నెలలా! ఈడియ్యి, నేను సదవతా."

అలా మొదలైంది. రోజూ కోర్టు మూసినాక రీడింగ్ రూము అధ్యక్షులు పుస్తకం కండువా కింద తెచ్చి, తిరగేసిన గంప మీద కూర్చుని, వేరుశనగలు ఒలుచుకుంటూ, తాయమ్మ చదువుతుంటే వినడం, ఒత్తు తగిలినచోట అందించడం. ఆమె పుస్తకం వదిలితేనా! ఆయన తొందర చూసి నలుగురు చేరారు. నలుగురిని చూసి నలభైమంది చేరారు. చీరకొంగులు కప్పుకుని ఆడవాళ్లు కూడా వచ్చారు. వీధికి బోర్డు లేదు కదా!

రెండో ఫారం చివర, ముప్పై ఒకటో పేజీలో తాయమ్మ చదివింది. "ప్లాట్‌ఫారం కొసన బొరుగులమ్మే ముసలమ్మ ఒకతె గంప ముందర పెట్టుకుని కూర్చుని ఉంది."

"అది ఉత్త వర్ణన. దాటేసి పో," అన్నారు పిళ్లెగారు.

అక్షరం అక్షరం కూడుకుని చదివేవాళ్లకు దాటెయ్యడం చేతకాదు. అదొక లోపం. తాయమ్మ ఆ పేజీలో గుర్తుగా ఒక బొరుగు గింజ పెట్టి ముందుకు పోయింది.

డిటెక్టివు స్టేషన్ మాస్టరును అడిగాడు. డాక్టరును అడిగాడు. వకీలును అడిగాడు. రెండో పెళ్లాన్ని రెండు ఫారాలు అడిగాడు. కాఫీ అమ్మేవాణ్ని, కూలీని, ఒక సన్యాసిని కూడా వదలలేదు. మామిడి పూతలో మొదలైన చదువు కాయలు మండీకి దిగే వేళకు ముగిసింది. తాయమ్మ పుస్తకం మూసి, కొంగుముడి విప్పి, చివరి కాగితం పిళ్లెగారి చేతికిచ్చింది. ఆయన పైకి చదివారు.

"నన్నెవరూ అడగలేదు. అడిగి ఉంటే మొదటిరోజే చెప్పేదాన్ని."

"చెప్పేదాన్ని! ఆడమనిషి!" అని అరిచారు హెడ్మాస్టరుగారు. "నేననలా, రెండో పెళ్లామని?"

"దాన్ని రెండు ఫారాలు అడిగినారు గదా అయ్యవారూ," అంది తాయమ్మ నెమ్మదిగా. "వాళ్లు అడగనిది ఒక్కతినే." ముప్పై ఒకటో పేజీ తెరిచింది. బొరుగు గింజ అక్కడే ఉంది.

చివరికి పిళ్లెగారిలోని వకీలు లేచాడు. "ఇదంతా ఊహ. పేరు ఉండే కాగితం యాడ? సాక్ష్యం యాడ?"

"మూడేండ్ల కిందట మీరు ఇంటికని ఆరు పొట్లాలు కట్టించుకోని పోయినారే, ఆ కాగితాలే సామీ. సాక్ష్యం మీరే తిని పారేసినారు."

ఊరు నవ్విన నవ్వు నేను రాయలేను. పిళ్లెగారు నవ్వలేదు. చేతిలో సగం తిన్న పొట్లాన్ని చూశారు. తరువాత తాయమ్మను, బహుశా మొదటిసారి, చూశారు. పొట్లం మెల్లగా ఆమె చేటలో పెట్టేశారు.

అందుకే మళ్లీ చెబుతున్నాను. చెంగల్రాయుడుగారు చనిపోవడం మేలే అయింది. బతికి ఉంటే ఒక కార్డు రాసి అడిగేవాళ్లం, ఆయన ఒక ముక్కలో చెప్పేవాడు, మాకు ఆ పుస్తకం చదవవలసిన ఖర్మ తప్పిపోయేది.

పుస్తకం మళ్లీ బీరువాలోకి పోయింది. కొత్త దండ వేశారు. బోర్డు గుమ్మం మీదే ఉంది, ఈమధ్య రంగు కూడా వేయించారు. వచ్చే ధనుర్మాసంలో మొదటి వర్ధంతి ఘనంగా చేస్తారట. వక్తల పేర్లు అచ్చయ్యాయి. డాక్టరుగారు, హెడ్మాస్టరుగారు, మండీ యజమాని. అధ్యక్షత మామూలే.

తాయమ్మకు కూడా పిలుపు వచ్చింది. మాట్లాడమని కాదు. సభికులకు బొరుగులు తెమ్మని.

తెస్తానంది. కారం కాస్త ఎక్కువ వెయ్యమంటారా అని అడిగిందట. ఎందుకని మాత్రం ఆమెను ఎవరూ అడగలేదు.