ఒంటరి కేసు

మార్చి పద్నాలుగు. మా చెల్లెలు రెండు బ్రెడ్ ముక్కలు, ఓ అరటిపండు తిని కొత్త బీపీ మాత్ర వేసుకుంది. గంటలో పెదాలు ఉబ్బాయి. "ఇంకెవరికైనా ఇలా అయిందని కాగితం తెండి, మారుస్తాను. అప్పటిదాకా మానకూడదు" అన్నాడు డాక్టరు. మర్నాడు పొద్దున్న మళ్ళీ వేసుకోవాలి.

అందుకే మందుల దుష్ఫలితాల నమోదు కేంద్రానికి వెళ్ళాను. అదృష్టం కొద్దీ డైరెక్టరుగారు అప్పుడే పత్రికలవాళ్ళతో మాట్లాడుతున్నారు. "మా డేటాబేస్‌లో ఏ మందూ ఇద్దరికి హాని చేసిన దాఖలా లేదు. ఇది రికార్డు" అని ప్రకటించారు. నేనూ చప్పట్లు కొట్టాను. అంత మంచి మాట విని చాలా రోజులైంది.

కంప్యూటరమ్మాయి నా ఫారం ఎక్కించి, వెతికి, "ఇలాంటిది ఇంకోటి లేదండీ. ఒంటరి కేసు. ముగించేస్తున్నాను" అంది.

"ముగించాక?"

"కంప్యూటర్లోంచి తీసేస్తాం."

"రేపు ఇంకొకరు ఇదే మాత్రతో వస్తే?"

"వాళ్ళదీ ఒంటరి కేసే అవుతుందండీ."

డైరెక్టరుగారు దయతో కలగజేసుకున్నారు. "పాత కేసులు ఉంచితే కొత్తవాటితో కలిసిపోతాయి పెద్దాయనా. జనానికి లేనిపోని భయం. డేటా క్లీన్‌గా ఉండాలి." ఆ శుభ్రతకే ఆయనకు రెండు షీల్డులొచ్చాయి. మూడోదానికి గోడకు మేకు కొట్టించి ఉంచారు.

'ఇంకెవరికీ కాలేదు' అన్న కాగితం చేతిలో పెట్టారు. మా ఆవిడే ఉంటే ఆ బల్ల ముందునుంచి కదిలేది కాదు. నేను థాంక్స్ చెప్పి బయటికొచ్చాను.

వరండాలో అటెండరు కుర్చీ జరిపి, మంచినీళ్ళిచ్చాడు. తీసేసిన కేసుల ఫారాలు కట్టలు కట్టేది అతనే.

"పసుప్పచ్చ మాత్రేనా బాబాయ్‌గారూ?"

"అవును. నీకెలా తెలుసు?"

"ఏ మాత్ర ఫారాలు ఆ కట్టలోనే పెడతానండీ. తీరిక ఎక్కువ. మీ చెల్లెలుగారిది పదిహేడోది."

"ఆ ముక్క రాసిస్తావా?"

"రాసే అధికారం నాకు లేదండీ. చెప్పడానికైతే ఎవరూ వద్దన్లేదు."

అక్కణ్ణుంచే ఫోన్ చేశాను. "రేపు ఆ మాత్ర వేసుకోకు. పొద్దున్నే వేరే డాక్టరు దగ్గరికి వెళ్దాం."

"ఎవరు చెప్పారన్నయ్యా?"

"కేంద్రమే చెప్పిందమ్మా" అన్నాను.

ఐదు దాటింది. డైరెక్టరుగారు మూతికి రుమాలు అడ్డం పెట్టుకుని కంప్యూటరు గదిలోకి వెళ్ళారు. ఆయనకూ ఆ మధ్యాహ్నమే బీపీ మాత్ర మార్చారట. కిటికీలోంచి అమ్మాయి గొంతు వినిపించింది.

"లేదు సార్, ఎవరికీ రాలేదు. మీరే మొదటివారు."

"చెప్పానా" అన్నట్టున్నారు. మాట సరిగ్గా తిరగలేదు.

ఆయన కారు వెళ్ళాక అటెండరు లోపల్నుంచి ఒక ఫారం తెచ్చాడు. పసుప్పచ్చ మాత్ర కట్టలో పెట్టి దారం బిగించాడు.

"పద్దెనిమిది" అని, లైటు ఆర్పి, చప్పుడు కాకుండా ఆ రాత్రికి తలుపు మూశాడు.