చప్పుడు మానిన కారు

1948 సెప్టెంబరు 14, మంగళవారం. ఆ ఉదయానికి సింగారంపహాడ్ దొర రఘుపతిరావు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికి కారుకు కొత్త పొగగొట్టం బిగించాలి. పదింటికి చప్పుడు కాకుండా ఊరు దాటాలి. మధ్యాహ్న భోజనం హైదరాబాదులో చేయాలి.

భారత యూనియన్ సైన్యం నిజాం రాజ్యం సరిహద్దు దాటిందని ముందురోజే రేడియో చెప్పింది. దొర ఇంటివాళ్ళు నెల క్రితమే పట్నం చేరారు. కోటలాంటి గడిలో మిగిలింది ఆయన, పన్నెండుమంది కాపలావాళ్ళు, ఒక ఇనుప పెట్టె. ఊళ్ళో సగం భూముల కాగితాలు ఆ పెట్టెలో ఉన్నాయి. అది పట్నం చేరితే ఆ భూములు దొరవి. ఊరివాళ్ళ చేతికి చిక్కితే కావు. దొర వెళ్తున్నాడని తెలిస్తే వాళ్ళు దారికి అడ్డం పడుకుంటారు. అందుకే చప్పుడు కాకూడదు.

ఆ కారుకున్న జబ్బే చప్పుడు. పదమూడేళ్ళ క్రితం బొంబాయిలో కొన్న ఎర్రటి విలాయతి రేసుకారు, రెండే సీట్లు. పొగగొట్టం తుప్పు పట్టి, చిల్లులు పడి, సగానికి ఊడిపోయింది. కారు కదిలితే తుపాకులు పేలినట్టు ఢబ్ ఢబ్‌మని కోసెడు దూరం వినిపించేది. దొర ఇన్నాళ్ళూ దాన్ని బాగు చేయించలేదు. ఆ చప్పుడు వినగానే ఊరివాళ్ళు చెప్పులు విప్పి చేత పట్టుకుని, దారి దిగి, తల వంచుకుని నిలబడాలని గడి కట్టడి. ఆరేళ్ళ క్రితం హారన్ చెడిపోయింది. దాన్నీ ఎవరూ పట్టించుకోలేదు. దానితో పనేముంది?

కొత్త గొట్టం చేసే పని నల్లగొండలో కార్లు బాగుచేసే చోటే మియాకు అప్పగించాడు దొర. "ఏం తెస్తున్నవో ఎవ్వనికీ చెప్పొద్దు మియా. అడిగితె నోరు తెరువకు" అని కబురు కూడా పంపాడు.

చోటే మియా మాట మీద నిలబడే మనిషి. పానగల్ దగ్గర మూలన పడ్డ ఆయిల్ ఇంజను గొట్టం ఒకటి సంపాదించాడు. నడుమ కుండంత లావు ఇనుప డబ్బా పెట్టి, రివిట్లు కొట్టి, లోపల ఇనుప పొట్టు కూరాడు. ఏడడుగుల ఆ సరుకును గొంగడిలో చుట్టి, ఎడ్లబండిలో పెట్టుకుని తెల్లవారగానే బయలుదేరాడు.

ఊరి పొలిమేరలో, నీళ్ళకు పోతున్న ముసలి గుర్వమ్మ ఎదురైంది. గొంగడి కొసన నల్లటి ఇనుప మూతి ఒకటి తొంగి చూస్తోంది.

"ఏంది మియా గది?"

"దొర పని. అడుగొద్దు."

"గొంగడెందుకు చుట్టినవు? సలి పెడ్తాందా దానికి?"

"అవ్వా, నీ కాల్మొక్త, అడుగకు. నా పానం మీదికొస్తది."

గుర్వమ్మ లెక్క కట్టింది. మూతి గుండ్రం, నడుము లావు, ఒళ్ళంతా ఇనుము, అడిగితే ప్రాణం మీదికొస్తుంది. ఇంకేముంటుంది? ఆమె బావి దగ్గరికి చేరేసరికి అది గుండ్లు పేల్చే ఫిరంగి తోపు. బావి నుంచి కల్లు మండువాకు చేరేసరికి రెండు తోపులు. అక్కడి నుంచి గొర్రెల కాపరి బీరన్న దొడ్డికి చేరేసరికి రెండు తోపులు, బండెడు గుండ్లు.

"పట్నం పోయేముందు దొర ఊరిని కాలవెడతడట!"

పావుగంటలో ఊరు కదిలింది. పిల్లలు, ముసలివాళ్ళు, బర్రెలు, బీరన్న మూడువందల గొర్రెలు. గుట్టలకు వెళ్ళాలంటే ఉన్నది ఒకటే బాట. పట్నం బాట.

ఈ వార్త గోడ దూకి గడిలోకి కూడా వచ్చింది. కాపలావాళ్ళు తెల్లబోయారు. గడిలో తోపుంటే యూనియన్ సైన్యం మొదటి గుండు ఎక్కడ వేస్తుంది? ఒక్కొక్కరే వెనక గోడ వైపు జారుకున్నారు. జమేదారు బాలస్వామి మాత్రం నమ్మకస్తుడు. చెప్పి పారిపోదామనుకున్నాడు.

"దొరా! తోపొచ్చింది!"

రఘుపతిరావు చేతిలోని చాయ్ కప్పు నేల మీద పడింది. "అప్పుడే వచ్చిందారా? నల్లగొండ దాటిందా?"

"నల్లగొండ ఏంది దొరా, గడిలనే ఉన్నది! కొట్టంల వెట్టిండ్రు!"

దొర లేచి దాక్కునే చోటు కోసం చూశాడు. సైన్యం ఒక్క రాత్రిలో తన కొట్టంలోకే వచ్చి కూర్చుందంటే ఏ మనిషి నిలబడతాడు? సరిగ్గా అప్పుడే కారున్న కొట్టంలో చోటే మియా పాత గొట్టం ముక్క పూర్తిగా ఊడదీసి, కొత్తది బిగించేముందు ఇంజను ఎలా ఉందో చూద్దామని హ్యాండిల్ తిప్పాడు.

అడ్డు లేని ఇంజను పెట్టిన కేకకు గడి అదిరింది. పావురాలన్నీ ఒక్కసారి లేచాయి. పదకొండుమంది కాపలావాళ్ళు గోడ దూకారు. పన్నెండోవాడు బాలస్వామి వాళ్ళకంటే ముందు కిందికి చేరాడు. గుట్టల బాటలో ఊరంతా నేల మీద బోర్లా పడి, గంటసేపు లేవలేదు.

గంట తర్వాత చోటే మియా గడి అంతా వెతికి, చివరికి వడ్ల గుమ్మి మూత తీశాడు. లోపల వడ్లలో మెడ దాకా కూరుకుని దొర.

"దొరా, బండి తయార్."

"తోపు... తోపు పోయిందా మియా?"

"ఏ తోపు?"

"గిప్పుడు పేలింది గదా!"

"యా అల్లా! గది మీ కారు దొరా!"

దొర మీసాల్లోని వడ్లు దులుపుకుని కొట్టంలోకి వెళ్ళాడు. చోటే మియా హ్యాండిల్ తిప్పాడు. కారు పాలు తాగే పిల్లిలా గురగురమంది. అంతే. దొర కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పెట్టె పక్క సీట్లో పెట్టుకున్నాడు. కాపలావాళ్ళను పిలిచాడు. ఎవరూ పలకలేదు. గడి తలుపు చోటే మియానే తీశాడు.

మొదటి మలుపు దాకా ప్రయాణం హాయిగా సాగింది. మలుపు తిరగగానే దొర బ్రేకు తొక్కాడు. బాట నిండా గొర్రెలు. వాటి ముందు ఊరు. అందరి వీపులే కనిపిస్తున్నాయి. ఒక్క చెప్పు ఊడలేదు, ఒక్క తల వంగలేదు. చప్పుడు లేని కారు వచ్చిందని ఎవరికి తెలుస్తుంది?

దొర హారన్ నొక్కాడు. ఆరేళ్ళ నుంచి పలకని హారన్ ఆ రోజూ పలకలేదు. "జరుగుండ్రి!" అని అరిచాడు. గొర్రెల అరుపుల్లో అది కలిసిపోయింది. వెనక్కి పోదామని చూస్తే, వెనకబడ్డ గొర్రెలు వెనక కూడా నిండాయి. తూర్పున ఎక్కడో నిజమైన తోపులు వస్తున్నాయి. రఘుపతిరావు సీటులో లేచి నిలబడి, బుగ్గల నిండా గాలి పట్టి, నోటితోనే,

"ఢబ్! ఢబ్! ఢబ్ ఢబ్ ఢబ్!"

పాత అలవాటు. ముందున్న ముసలివాళ్ళు నలుగురు గబగబా చెప్పులు విప్పారు. విప్పి, వెనక్కి తిరిగి చూశారు. చెవుల్లో వడ్లు, ఉబ్బిన బుగ్గలు, ఢబ్ ఢబ్‌మంటున్న దొర. ఊరికి ఊరు బిగుసుకుపోయింది. గొర్రెలు కూడా అరవడం మానాయి.

ముందు గుర్వమ్మకు నవ్వొచ్చింది. కొంగు నోట్లో కుక్కుకుంది, ఆగలేదు. "ఓ బీరన్నా! దొరనే మోగుతాండు!"

బీరన్న నవ్వలేదు. కర్ర భుజాన పెట్టుకుని కారు దగ్గరికి వచ్చాడు. "దొరా, తోపులెక్కడున్నయి?"

"తోపుల్లేవు, ఏం లేవు! జరుగు!"

"కాపలోళ్ళు?"

"వాండ్లు గూడ లేరు!"

అన్నాక గానీ తానేం అన్నాడో దొరకు తెలియలేదు. బీరన్న చూపు దూరాన తెరిచి ఉన్న గడి తలుపు మీదికి వెళ్ళి, తిరిగి వచ్చి, పక్క సీట్లో ఇనుప పెట్టె మీద ఆగింది.

"గట్లనా" అన్నాడు. "అయితె గా పెట్టె జర ఇటియ్యి దొరా. నీకు బరువైతాంది."

దొర చుట్టూ చూశాడు. ముందు ఊరు, వెనక గొర్రెలు. తన చేతులతోనే పెట్టె దించాడు. మనుషుల మధ్య నుంచి ఒక్కడు నడిచే సందు దొరికింది. కారుకు దొరకలేదు. కిందికి దిగి, బూట్లు బురదలో కూరుకుపోతుంటే వాటిని విప్పి చేత పట్టుకుని, తల వంచుకుని, పట్నం బాట పట్టాడు.

చోటే మియా రొప్పుతూ పరుగెత్తుకొచ్చాడు. ఖాళీ కారు చూసి ఆగాడు.

"ఏమాయె? సప్పుడు గిట్ల చేసిందా?"

"కారు చెయ్యలే మియా" అన్నాడు బీరన్న. "దొర చేసిండు."

చోటే మియా వంగి గొట్టం మీద చెయ్యి పెట్టి చూసి, హమ్మయ్య అనుకున్నాడు. దొరలను బాగుచేసే పని ఆయనది కాదు.