సర్వర్ లేవలా

కారంపూడి సేవా కేంద్రంలో వరుసలో ముందు తానే ఉండాలని శాంతమ్మ పెందలాడే బయలుదేరింది. మనవరాలు నిఖిత కాలేజీలో చేరాలంటే సాయంత్రంలోగా ఇన్‌కమ్ సర్టిఫికెట్ ఇవ్వాలి. తీరా వెళితే జనం గుమ్మం దాటి ఉన్నారు. లోపల కంప్యూటర్ దగ్గర పనిచేసే తేజస్వి ఎవరికో ఫోన్‌లో అరిచి చెబుతోంది.

"పొద్దున్నుంచీ సర్వర్ లేవలా సార్! ఎంత లేపినా ఉలుకూ పలుకూ లేదు. గుంటూరు వాళ్లొచ్చి చూస్తేగానీ ఏం చెప్పలేమంటున్నారు."

ఆ మాట శాంతమ్మ చెవిన పడింది. ఆమెకు తెలిసిన సర్వర్ ఒక్కడే, పక్కింటి తాపీమేస్త్రీ. నిన్ననే నడుం పట్టేసిందన్నాడు. సర్టిఫికెట్ సంగతి మరిచిపోయి వెనక్కి పరుగెత్తింది.

"ఏందత్తా, ఏమైంది?" అన్నవాళ్లందరికీ, "సర్వర్ పడిపోయాడంటయ్యా, గుంటూరు డాక్టర్లు కూడా ఏం చెప్పలేమన్నారంట" అంటూ పోయింది. సర్వర్ ఇల్లు చేరేసరికి వెంట సగం బజారు ఉంది.

సర్వర్ భార్య అక్తర్ బేగం ఉల్లిపాయలు కోస్తోంది. ఆమె కళ్లలో నీళ్లు చూసి, కబురు ముందే అందిందనుకుని శాంతమ్మ కావలించుకుని ఏడ్చింది.

"ఏంది వదినా? పొద్దున్నే పనికి పోయాడే!"

"పనికాడే పడిపోయుంటాడమ్మా!"

ఫోన్ చేస్తే ఎత్తలేదు. దాంతో ఇద్దరూ గొల్లుమన్నారు. ఏ చావింటికైనా తప్పకుండా వెళ్లే ఊరి నాయకుడు చక్రధర్ నిలువెత్తు పూలదండతో దిగాడు.

అప్పుడే అన్నానికొచ్చిన సర్వర్, వాకిట్లో జనాన్నీ దండనూ చూసి సైకిల్ వదిలేశాడు. "అక్తరూ! నన్నొదిలి పోయావా!" అని కూలబడి ఏడుపు అందుకున్నాడు. లోపలినుంచి అక్తర్ బేగం దూసుకొచ్చి అతని వీపు మీద రెండు దెబ్బలేసింది. "ఫోనెందుకు ఎత్తవు?" అంటూ అతన్నే పట్టుకుని మళ్లీ ఏడ్చింది.

అందరూ చక్రధర్ చేతిలోని దండకేసి చూశారు. ఆయన గొంతు సవరించుకుని, "మన ఊరి గోడలన్నీ కట్టిన మేస్త్రీకి ఇది చిన్న సన్మానం" అని సర్వర్ మెడలో వేశాడు. జనం చప్పట్లు కొట్టారు.

శాంతమ్మ సిగ్గుపడుతూనే కేంద్రానికి తిరిగి వెళ్లింది. కంప్యూటర్ పనిచేస్తోంది. సర్టిఫికెట్ చేతికొచ్చింది. ఆమె వెనకే చక్రధర్ వచ్చి, వాట్సాప్ గ్రూపుల్లో పెట్టేసిన సంతాపం ఎట్లా తీసెయ్యాలో అడగడానికి వరుసలో నిలబడ్డాడు.