సుందరరావు టాప్ గేరు

1998 వేసవి. ఆదివారం పొద్దున సుందరరావు రెండిడ్లీలు మాత్రం తిని కాఫీ మానేశాడు. పదింటికి నారాయణగూడలో జైపాల్ కంప్యూటర్ సెంటర్‌లో రెండు గంటల కార్ల రేసు. తెర మీదే అయినా మధ్యలో లేవడానికి వీల్లేదు. చివరిదాకా నడిచిన కారుకే గెలుపు. ఆయన ఆఫీసులో హెడ్ క్లర్కు, బయట సైకిలు కూడా తొక్కడం రాని మనిషి. అయినా చిక్కడపల్లిలో నిజం కార్లు బాగుచేసే రాఘవేందర్‌కే నెల రోజులుగా గేర్ల మీద పాఠాలు చెబుతున్నాడు.

బయల్దేరేముందు సుందరరావు ఇంటి ఓనరు శ్రీరామమూర్తి ఫోను నుంచి జైపాల్‌కు ఆదేశమిచ్చాడు. "నా కారు గేర్లన్నీ పొడుగు చెయ్యి. వేగం నిదానంగా ఎక్కినా ఫర్వాలేదు, ఇంజను అలిసిపోకూడదు."

శ్రీరామమూర్తి పేపరు దించాడు. "కారు కొన్నారా? చెప్పనేలేదే! మా అంబాసిడర్ డ్రైవరు ఊరెళ్ళాడండీ. సాయంత్రం కవాడిగూడలో మా అమ్మాయి మహిత కచేరీ. వీణ ఆటోలో పట్టదు. మీరు కాస్త..."

లేదనడానికి ఒక్క మాట చాలు. కానీ పదిహేనేళ్ళుగా ఓనరు ఏనాడూ ఆయన్ని ఇంత మర్యాదగా అడగలేదు.

"దానికేముందండీ," అన్నాడు సుందరరావు.

పదకొండింటికి ఆ వార్త ఆయన భార్య బాలత్రిపురసుందరి చెవిన పడింది. "నాకు చెప్పకుండా కారా?" అంటూ ఆమె, కారు చూద్దామని శ్రీరామమూర్తి, ఒకే ఆటోలో నారాయణగూడ వచ్చారు.

అప్పటికి సుందరరావు ఐదుగురిలో ఐదోవాడు. పొడుగు గేర్లతో ఆయన కారు మలుపు తిరిగి వేగం అందుకునేలోగా తక్కినవాళ్ళు ఒక చుట్టు ముందుండేవాళ్ళు.

"జర దిగి నెట్టున్రి సార్," అన్నాడు పక్క తెర ముందు తన కారు నడుపుతున్న రాఘవేందర్.

"కారేదండీ?" అంది బాలత్రిపురసుందరి.

సుందరరావు గడ్డంతో తెర చూపించాడు.

"ఇదా!"

"మరి మా వీణ?" అన్నాడు శ్రీరామమూర్తి.

"కాసేపాగండి, నాలుగో గేరులో ఉన్నాను."

అప్పుడే రాఘవేందర్ కారు పొగలు కక్కి ఆగింది. పొద్దుటినుంచీ పొట్టి గేర్లతో ఇంజనును అరిపించాడు మరి. ఆ వెనకే ఇంకో రెండు ఇంజన్లు పోయాయి. నాలుగోవాడు గోడకు గుద్దుకున్నాడు. రెండు గంటలు నిండేసరికి కదులుతున్నది సుందరరావు కారొక్కటే.

"సారే గెలిచిండు!" అన్నాడు జైపాల్, నమ్మలేక.

శ్రీరామమూర్తి ముఖం వెలిగింది. "కారు లేకపోతేనేం, నడపడం వచ్చుగా! మా అంబాసిడర్ తీయండి."

బాలత్రిపురసుందరి మొగుడివంక గర్వంగా చూసింది. ఆ చూపు ఆయనకు కొత్త. దాన్ని పోగొట్టుకునే ధైర్యం లేక తాళాలు అందుకున్నాడు.

ఐదింటికి అశోక్‌నగర్‌లో ఇంటి ముందు మహిత వీణతో వెనకసీట్లో సర్దుకుంది. వీధంతా గేటు దగ్గరే ఉంది. సుందరరావు స్టీరింగు పట్టుకుని, తమాషా చూడవచ్చిన రాఘవేందర్‌ను దగ్గరికి పిలిచాడు. "క్లచ్ ఏదోయ్?" అని గొణిగాడు.

"ఎన్నడు నడపలేదా సార్?"

"జైపాల్ దగ్గర కాళ్ళతో పని లేదుగా."

రాఘవేందర్ నవ్వు మింగి, "సార్ పరేషాన్ ఉన్నరు, నేను నడుపుత!" అని అందరికీ వినపడేలా చెప్పి, ఆయన్ని పక్కసీట్లోకి జరిపాడు.

కచేరీ వేళకే మొదలైంది. కవాడిగూడ చేరేదాకా ఏ గేరు ఎప్పుడు మార్చాలో రాఘవేందర్‌కు చెప్పింది మాత్రం సుందరరావే.