ఆరు ఏనుగు అడుగులు

ఒక పెద్ద అడవిలో అందరికంటే ముందు దగ్గింది అడవిపంది. అది మామూలుగా మాట్లాడినా దగ్గినట్టే ఉంటుంది కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. కోతులు దగ్గుతూ కొమ్మల మీంచి జారిపడటం మొదలయ్యాక గానీ అది అంటురోగమని అడవికి తెలియలేదు.

తెలిసిన రోజునే అటవీ సభ గట్టి చర్య తీసుకుంది. బడి మూసేసింది. సంత మూయలేదు, సభ మూయలేదు, నీళ్ళ రేవు దగ్గర కబుర్లు మూయలేదు. మూస్తే ఎదురు తిరిగేవాళ్ళు లేనిది బడి ఒక్కటే.

ఆ బడికి ఒకే టీచర్, కంటకమ్మ అనే ఏదుపంది. పాఠాలూ ఎక్కువ లేవు. ఏ కాయ తినొచ్చు, ఏ మడుగు నీళ్ళు తాగకూడదు, మంద నుంచి తప్పిపోతే ఎక్కడ నిలబడాలి, పులి వస్తే ఏం చెయ్యాలి. ఆఖరి పాఠం ఏటా వానలు వెలిసేలోపే అయిపోయేది. వానలు వెలిస్తే వాగు తగ్గుతుంది, వాగు తగ్గితే అవతలి పులి ఇవతలికి వస్తుంది.

ఈసారి ఆ పాఠానికి ముందే బడి మూతపడింది.

వాగు ఒడ్డున కలుగులో కాపురముండే చెవులమ్మ అనే కుందేలుకి కంటి మీద కునుకు లేదు. దాని కూతురు పింజ ఈ ఏడే బడిలో చేరింది. చెవులమ్మ సభకు వెళ్ళి నిలబడింది.

"అయ్యా, మిగతావి మానేసినా పర్వాలేదు. పులి పాఠం ఒక్కటి చెప్పించండి. మా పిల్ల ఇప్పటికీ పులంటే పెద్ద పిల్లి అనుకుంటోంది."

"ఇంట్లో నువ్వే చెప్పుకోవచ్చుగా," అంది సభ కార్యదర్శి నక్క.

"చెప్పానండీ. టీచర్ చెప్పలేదుగా అంటోంది."

సభలో ఎవరూ నవ్వలేదు. అందరి ఇళ్ళలోనూ అదే గొడవ. పిల్లలతో పొద్దంతా గడపాల్సి వచ్చేసరికి, పెద్దలకు టీచర్ మీద ఎన్నడూ లేని గౌరవం పుట్టుకొచ్చింది. బడి తెరుస్తామని, అడవులన్నిటికీ పెద్దదైన పైసభకు కబురు పంపితే కాకి జవాబు తెచ్చింది.

"పిల్లల మధ్య ఆరడుగుల దూరం ఉంచి నడుపుకోండి," అని చెప్పి, సభ మీద రెండు దగ్గులు దగ్గి ఎగిరిపోయింది.

అప్పుడు ఉడుత లేచింది. "ఎవరి అడుగండీ?"

ఆ సంగతి పైసభ చెప్పలేదు.

"మా అడుగైతే మేలు," అంది ఉడుతే మళ్ళీ. "బడి మొత్తం ఒక్క చెట్టు కింద సరిపోతుంది."

"నీది అడుగేమిటి, గెంతు," అంది కోతి.

ఎన్ని కాళ్ళు కదిపితే ఒక అడుగో ముందు తేల్చమని జెర్రి పట్టుబట్టింది. అసలు అడుగులే లేని తనకు ఈ నియమం వర్తిస్తుందా అని పాము అడిగింది. న్యాయమైన ప్రశ్నే. కానీ పాము పక్కన ఎలాగూ ఎవరూ కూర్చోరు కాబట్టి సభ దాన్ని వాయిదా వేసింది.

"కూర్చునేది పిల్లలు. పిల్లల అడుగుతో కొలవండి," అంది కంటకమ్మ.

"టీచరమ్మా, పాఠాలు మీరు చూసుకోండి. దూరాలు మేం చూసుకుంటాం," అని నక్క అధ్యక్ష స్థానం వైపు వంగింది. "అడవిలో అడుగంటే ఒక్కరిదే. ఆ పాదం ముందు మనవీ పాదాలేనా?"

అధ్యక్షుడు ఐరావతయ్య అనే ఏనుగు. ఆయన చెవులు విసురుకుంటూ, "నాకెందుకయ్యా ఇవన్నీ," అన్నారు. ఆయన అలా అన్నారంటే సరేనన్నట్టు. తీర్మానం నెగ్గింది.

మర్నాడు ఐరావతయ్యగారే స్వయంగా నడిచి కొలిచారు. మద్దిచెట్టు కింద టీచర్. అక్కణ్ణుంచి ఆరు ఏనుగు అడుగులకో పిల్ల. ముందు జింకపిల్లలు, ఆ వెనక కోతిపిల్లలు, తర్వాత అడవిదున్న దూడ. బడి సాగి సాగి వాగు దాటింది. కొత్తగా చేరింది కాబట్టి పింజకి అందరికన్నా చివర, వాగుకి అవతల, ముళ్ళపొద పక్కన చోటు వచ్చింది. రోజూ అడవిదున్న వీపెక్కి వాగు దాటాలి.

"అయ్యా, అది పులి వైపండీ," అంది చెవులమ్మ.

"నియమం నియమమే," అంది నక్క. "నీ ఒక్క పిల్లకి సడలిస్తే రేపు అందరూ దగ్గరకు జరుగుతారు."

"పులికి దూరంగా ఉండటానికి నియమం ఏమీ లేదా?"

"పులికి దగ్గు లేదమ్మా," అంది నక్క ఓపిగ్గా.

బడి మొదలైంది. మూతికి మోదుగాకులు కట్టుకు రమ్మంటే జింకపిల్లలు ప్రార్థన పూర్తయ్యేలోపే తినేశాయి. హాజరు పిలిస్తే జవాబు వినబడేది కాదు. అందుకని పిలవగానే ఎవరి పలక వాళ్ళు పైకెత్తాలని నక్క ఏర్పాటు చేసింది. ఏటి రాళ్ళ పలకలు ఎండకు తళతళలాడుతూ, మద్దిచెట్టు పక్క గట్టు మీంచి చూడటానికి ముచ్చటగా ఉండేవి. పలకలు లేచాయంటే పిల్లలున్నట్టు, పిల్లలున్నారంటే చదువు సాగుతున్నట్టు అని నక్క పైసభకు కబురంపింది.

ఇక పాఠం. కంటకమ్మ గొంతు చిరిగేలా అరిచినా మొదటి జింకపిల్లను దాటదు. ఒక పిల్ల విన్నది వెనక పిల్లకు అరిచి చెప్పాలని నక్కే ఉపాయం చెప్పింది. దానికి గొలుసు చదువు అని పేరు కూడా పెట్టింది. పేరు బాగుండటంతో పైసభ వెంటనే మెచ్చుకుంది.

వాగు తగ్గుముఖం పట్టిన రోజు పులి పాఠం పెట్టుకున్నారు. ఆ రోజే తనిఖీ. ఐరావతయ్యగారు, కార్యదర్శి నక్క టీచర్ పక్కన గట్టు మీద నిలబడ్డారు.

"పులి వాసన వస్తే పరుగెత్తు," అని అరిచింది కంటకమ్మ.

జింకపిల్లలకు తొందరెక్కువ. "పులి వస్తే పరుగెత్తు," అని వెనక్కి తోశాయి.

కోతిపిల్ల నోటినిండా నేరేడు పళ్ళు. "పులొత్తే పలుగెత్తు," అంది.

అడవిదున్న దూడ నెమరు ఆపి ఆలోచించింది. బడిలో పలుగెక్కడిది? ఉన్నది పలక. కోతి ఎప్పుడూ ఇంతే, మాట నమిలేస్తుంది అనుకుని తప్పు దిద్ది మరీ అరిచింది. "పులి వస్తే పలకెత్తు."

పింజ శ్రద్ధగా విని, రెండుసార్లు వల్లె వేసుకుంది.

ముళ్ళపొద కదిలి పులి బయటికి వచ్చింది. పింజ పలకెత్తింది.

పులి ఆగిపోయింది. దాని అనుభవంలో కుందేళ్ళు పరుగెత్తాయి, కాళ్ళు తన్నుకున్నాయి. ఏదీ ఇలా రాయి చూపించలేదు.

"ఏమిటది?"

"పలకండీ."

"ఎందుకెత్తావ్?"

"పులి వస్తే ఎత్తమన్నారు. మీరు పులేగా?"

"ఎత్తితే ఏమవుతుంది?"

పింజ పలక దించకుండానే చెప్పింది. "ఆ పాఠం ఇంకా రాలేదండీ. రేపు చెబుతారేమో."

పులికి ఏదో కిటుకు ఉందనిపించింది. అంతలో దూడ వెనక్కి తిరిగి, గడ్డి చాటు పులి కనబడక, పైకి లేచిన పింజ పలక మాత్రం చూసి, హాజరు కాబోలనుకుని తనదీ ఎత్తింది. కోతిపిల్ల దూడను చూసి ఎత్తింది, జింకపిల్లలు కోతిని చూసి ఎత్తాయి. ఒకటి వెనక ఒకటి, మద్దిచెట్టు దాకా పలకలు లేచాయి. పులి అనుమానంగా పొదలోకి తగ్గింది.

అంత దూరం నుంచి పులి కనబడలేదు కాబట్టి గట్టు మీద ఆనందానికి హద్దు లేదు.

"చూశారా అధ్యక్షా, అడగకుండానే పలకలు లేచాయి," అంది నక్క. "పాఠం చివరి పిల్లకి అందింది కాబట్టే అక్కడ మొదలై పలకెత్తడం ఇక్కడిదాకా వచ్చింది."

కంటకమ్మ కూడా అలాగే అనుకుంది. గొంతు పోయి ఉంది, ఇంకోసారి అరిచే ఓపిక లేదు. ఒక్కోసారి ఓపిక లేకపోవడం కూడా నమ్మకంలాగే కనిపిస్తుంది.

చివరి పిల్లకు స్వయంగా దండ వేస్తానని ఐరావతయ్యగారు బయల్దేరారు. ఆయనకు కొన్నాళ్ళుగా వాసన తెలియడం లేదు. అధ్యక్షులకే దగ్గు అంటిందని తెలిస్తే అడవి బెంబేలెత్తుతుందని నక్క ఆ విషయం పొక్కనివ్వలేదు. ఆయన ముళ్ళపొద పక్కనుంచే హుందాగా నడిచి వెళ్ళిపోయారు.

ఏనుగును పులి పోనిచ్చింది. ఏనుగుతో దానికి పనిలేదు.

వెనక నక్క వస్తోంది. నియమం చేసింది తనే కాబట్టి పాటించి తీరాలి. ముందూ వెనకా ఎవరూ లేకుండా, సరిగ్గా ఆరు ఏనుగు అడుగుల దూరంలో, ఘుమఘుమలాడే మొగలిపూల దండ నోట కరుచుకుని ఒంటరిగా వస్తోంది. దండ వాసన తప్ప దాని ముక్కుకి ఇంకేదీ అందలేదు.

'ఓహో,' అనుకుంది పులి. 'పలకెత్తితే ఇదన్నమాట.'

ఐరావతయ్యగారు పింజ ముందు నిలబడి చదువు గురించి కొంతసేపు మాట్లాడి, చెయ్యి చాపినట్టు తొండం వెనక్కి చాపారు. "కార్యదర్శీ, దండ."

దండ వాగు ఒడ్డున పడి ఉంది.

ఆయన పరుగు ఆ రోజు అడవంతా చూసింది. ఆ అడుగులతో కొలిస్తే బడి పక్క అడవి దాకా పోయేదని ఉడుత అంది.

సభ కూర్చుంది. కొత్త కార్యదర్శిగా నక్క బావమరిది వచ్చాడు. సభ తేల్చిందేమిటంటే, పులి ఎదురైనా గొలుసు చదువు వల్ల ఒక్క విద్యార్థికీ గీత పడలేదు. పిల్లలంతా పాస్. పింజ నేర్చుకున్నదాన్నే ఇకనుంచి అసలు పాఠంగా చెప్పాలి. కంటకమ్మ ముళ్ళు విప్పి నిలబడి కాదంది. ఆమె గొంతు అప్పటికింకా రాలేదు, ఎవరికీ వినబడలేదు.

చెవులమ్మ పింజను కలుగులోకి లాక్కొచ్చి, దూరం గీరం లేకుండా ఒళ్ళోకి తీసుకుని, చెవిలో చెప్పింది. "తల్లీ, సరిగ్గా విను. పులి వస్తే పరుగెత్తు."

పింజ జాలిగా తల్లి వైపు చూసింది. "అది సిలబస్‌లో లేదమ్మా."

నీతి: పులి వస్తే పలకెత్తినా బతకొచ్చు, ఆ రోజు తనిఖీ ఉంటే చాలు.