అరవై ఫిడేళ్ళ మీద దురాయి

నెల్లూరు తీరాన, వాకాడు దాటి ఇసుక దారిలో ఇంకాస్త ముందుకు పోతే వచ్చే కాకిదిబ్బపాళెంలో మొన్న వేసవిలో రెండో అభిప్రాయం బయటపడింది. అంతకు ముందు ఆ ఊళ్ళో ఏ విషయం మీదా ఒకటికి మించి అభిప్రాయాలు ఉన్న దాఖలాలు లేవు. ఓటు ఎవరికి వెయ్యాలి, వేట ఏ రోజు మానాలి, సీరియల్లో ఏ కోడలు మంచిది అన్నవన్నీ కాపులు, అంటే ఊరి పెద్దలు, కూర్చుని తేలుస్తారు. తేల్చినదాన్ని తప్పెట కొట్టించి చాటిస్తారు. దాన్ని దురాయి అంటారు. దురాయి పడ్డాక ఆలోచించే శ్రమ ఇక ఎవరికీ ఉండదు. పట్నాల్లో ఎవరి ఆలోచన వాళ్ళే చేసుకోవాలట, పాపం, ఎట్టా బతుకుతుండారో అని ఊరివాళ్ళు జాలిపడేవారు.

ఆ ఊరికి పెద్దకాపు ఆదెయ్య. తాత నాటినుంచీ వాళ్ళింటి పదవి అది. ఆదెయ్య నోరు తెరిస్తే వచ్చేది ఆదెయ్య మాట కాదు, ఊరి మాట. అందుకని ఆయన నోరు తెరవడం బాగా తగ్గించుకున్నాడు. పులుసు ఎట్టుందని భార్య అంకాలమ్మ అడిగినా అటూ ఇటూ చూసి, "తింటుండా గదా" అనేవాడు. అన్నేళ్ళు కాపురం చేసి, ఆయనకు కారం ఎక్కువైందో తక్కువైందో ఆ ఇల్లాలికి ఇప్పటికీ తెలియదు. ఇంతటి నిష్పక్షపాతి చుట్టుపక్కల పాళేల్లో ఎక్కడా లేడని ఆయనకు పేరు.

ఆ ఆదెయ్య ఒక్కగానొక్క కూతురు స్వర్ణ. పాట తనే రాసి, తనే బాణీ కట్టి, తనే పాడుతుంది. తడ దగ్గర ఫ్యాక్టరీలో పనిచేసే రోజుల్లో హాస్టల్ మేడ మీద ఒక్క గిటార్ పెట్టుకుని పాడిన మొదటి ఆల్బం ఫోన్లలో తెగ తిరిగింది. టీవీ వాళ్ళు బాగుందన్నారు. కాబట్టి కాకిదిబ్బపాళెం కూడా బాగుందంది. ఆ ఊరికి అభిప్రాయాలు ఐసుగడ్డల్లాగా బయటినుంచి లారీలో వస్తాయి. వచ్చింది వచ్చినట్టు, కరిగిపోకముందే అందరూ పంచుకుంటారు.

చిక్కంతా రెండో ఆల్బంతో వచ్చింది. మద్రాసు కంపెనీ ఒకటి పూనుకుని, 'ఉప్పుగాలి' అనే ఆ పాటలకు అరవై ఫిడేళ్ళు పెట్టించింది. అవి చాలక బాకాలు, ఫ్లూట్లు, మనిషెత్తు వీణ లాంటిది ఇంకొకటి. వాయించినవాళ్ళు ఏదో చలిదేశంలో ఉన్నారు. చేప డబ్బాలోనే పుడుతుందనుకునే అరవై మంది నల్లకోటు దొరలు, ఎదురుగా కాగితాలు పెట్టుకుని, కాకిదిబ్బపాళెం ఎండుచేపల మీద వాయించి నెట్లో పంపారు. సంగీతానికి ఎల్లలు లేవనడానికి ఇంతకన్నా రుజువేం కావాలి?

ఈసారి ఊరికి ఒకేసారి రెండు లారీలు వచ్చాయి. హైదరాబాదు యూట్యూబు విమర్శకుడు ఒకాయన "ప్రపంచ స్థాయి" అన్నాడు. విజయవాడ యూట్యూబు విమర్శకుడు "ఫిడేళ్ళ కింద పడి పిల్ల గొంతు నలిగిపోయింది" అన్నాడు. ఇద్దరూ ఒకే సాయంత్రం అన్నారు. ఏ లారీ దించుకోవాలో ఊరికి పాలుపోలేదు.

ఆ సంక్షోభ సమయంలో ఉత్తర వీధి పెద్ద పెంచలయ్య ముందుకు వచ్చి, "ఫిడేళ్ళుంటేనే పాట" అని ప్రకటించాడు. దక్షిణ వీధి పెద్ద హజరత్తయ్య ఈ సంగతి విని, "పెంచలయ్య అన్నది అదేనా? సరిగ్గా ఇన్నారా?" అని రూఢి చేసుకుని, "గిటార్ ఒక్కటే ఉంటేనే పాట" అని తన సంగీత దృక్పథాన్ని వెల్లడించాడు. ఇద్దరికీ పడవలు నిలుపుకునే చోటు దగ్గర పాత తగాదా ఉంది. దానికీ సంగీతానికీ సంబంధం లేదని కొందరు అమాయకులు అనుకున్నారు. తెల్లారేసరికి ఉత్తర వీధి అంతా ఫిడేలు పక్షం, దక్షిణ వీధి అంతా గిటార్ పక్షం అయిపోయాయి. ఇంతకీ ఆల్బం విన్నది ఎవరని మాత్రం ఎవరూ ఎవరినీ అడగలేదు. అంతటి మొరటుతనం ఆ ఊరికి అలవాటు లేదు.

అక్కడినుంచి కళాభిమానం వేగంగా విస్తరించింది. ఒక సంబంధంలో పెళ్ళికొడుక్కి నాలుగో పాటలో బాకాలు ఇష్టమని తెలిసి, పెళ్ళికూతురి తండ్రి తాంబూలాలు వెనక్కి పంపాడు. ఇప్పుడే ఇంత మోత కోరుకునేవాడు రేపు కాపురంలో ఏం మోగిస్తాడో అని ఆయన భయం. రెండు చెవులూ వినపడని ఒక ముసలాయనను ఇరుపక్షాలూ తమవాడంటే తమవాడని చెప్పుకున్నాయి. ఆయన ఇద్దరికీ తల ఊపాడు.

ఇదంతా ఎలాగో గడిచిపోయేదే, అలివి వల దగ్గర బెడిసికొట్టకపోతే. అలివి వల అంటే ఊరంతా కలిసి లాగే పెద్ద వల. పడవ దాన్ని సముద్రంలో చుట్టూ పరిచి వస్తుంది. రెండు కొసల తాళ్ళు ఒడ్డుకు వస్తాయి. ఒక తాడు ఉత్తర వీధి, ఇంకో తాడు దక్షిణ వీధి, సరిసమానంగా లాగాలి. ఆ రోజు ఉత్తర వీధివాళ్ళు స్పీకర్ పెట్టి ఫిడేళ్ళ పాటకు అడుగులు వేస్తూ దడదడా లాగారు. దక్షిణ వీధివాళ్ళు తమ స్పీకర్లో పాత గిటార్ పాట పెట్టి, అందులోని విషాదానికి భంగం రాకుండా, నిట్టూరుస్తూ నిదానంగా లాగారు. వల అడ్డంగా తిరిగి నోరు తెరిచింది. కానాగంతలు, కవళ్ళు, వలలో పడ్డ చేపంతా దక్షిణం వైపునుంచి దర్జాగా బయటికి నడిచిపోయింది. ఒడ్డుకు వచ్చింది నాచూ, ఒక రబ్బరు చెప్పూ. అయినా తమ వైపు తాళం తప్పలేదని రెండు వీధులూ సంతోషించాయి.

మూడుసార్లు వల అట్లాగే తిరగబడ్డాక ఆడవాళ్ళు ఖాళీ గంపలు తెచ్చి ఆదెయ్య వాకిట్లో బోర్లించారు. ఒక మాట చెప్పమన్నారు. ఆదెయ్య కక్కలేక మింగలేక కూర్చున్నాడు. బాగుందంటే కూతురి కోసం అన్నాడంటారు, పదవి ఊడుతుంది. బాగాలేదంటే కూతురు ఏమైపోతుంది? ఆ పిల్ల రోజూ ఫోన్ చేసి అడిగేది ఒకటే మాట.

"నాయనా, పాటలు ఇన్నావా?"

"సిగ్నల్ లేదమ్మా."

"లోకమంతా ఏందేందో అంటుండారు నాయనా. నాకు నీ మాట కావాల. ఎట్టుండాదో చెప్పు, చాలు."

"సిగ్నల్ రానీ అమ్మా."

ఉన్న మాట చెప్పుకుందాం. ఆదెయ్య విన్నాడు. ఆ ఊళ్ళో ఆ ఆల్బం మొదటినుంచి చివరిదాకా విన్నవాడు ఆయన ఒక్కడే. ఒక తెల్లవారుజామున పాటలు ఫోన్లోకి దించుకుని, తెప్ప మీద ఒంటరిగా పోయి, ఒడ్డు కనిపించనంత దూరం పోయాక విన్నాడు. అయిదో పాటలో ఒక చిన్నపిల్ల తుపాను రోజున ఒడ్డున నిలబడి నాయన కోసం చూస్తుంటుంది. ఎంతసేపూ గిటార్ ఒక్కటే, పిల్ల గొంతు ఒక్కటే. దూరంగా తెరచాప కనబడుతుంది. అప్పుడు లేస్తాయి అరవై ఫిడేళ్ళూ ఒక్కసారిగా. ఆదెయ్య తెడ్డు పక్కన పడేసి వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆ తుపాను రోజు తాను ఒడ్డెక్కి, తడిసిన పిల్లను చూసి, "ఇంటికి పో, జొరమొస్తాది" అన్నాడు, అంతే. ఆ పిల్ల గుండెలో అప్పుడు అంత పండగ జరిగిందని ఆయనకు ఇన్నేళ్ళూ తెలియదు. ఒడ్డుకు వచ్చాక కళ్ళు ఎర్రగా ఉన్నాయేమని ఎవరో అడిగితే ఉప్పునీళ్ళు పడ్డాయన్నాడు.

చివరకు సభ పెట్టక తప్పలేదు. నిపుణుడిగా నెల్లూరునుంచి నరేంద్రబాబు గారిని పిలిపించారు. రిటైరైన లెక్చరరు గారు, ఏ విషయం మీదనైనా ముందుమాట రాయగలరు. ఆయన శాలువా కప్పించుకుని ఇలా సెలవిచ్చారు: "సోదరులారా! వాద్యం పాటకు అవసరమా, పాట వాద్యానికి అవసరమా అన్నది అనాదిగా ఉన్న ప్రశ్న. లోతుగా చూసినవారికి ఇందులో లోతు కనబడుతుంది. పైపైన చూసినవారికి పైభాగం కనబడుతుంది. ఈ ఆల్బం తన కాలానికి ముందూ వెనకా కూడా ఉంది. నేను త్వరలో దీన్ని వినదలచుకున్నాను." చప్పట్లు ఆగలేదు. ఇరుపక్షాలూ ఆయన తమ మాటే చెప్పారని అన్నాయి.

తరవాత ఇద్దరు పెద్దలకూ పాట వినిపించాలని ఎవరో విపరీత సలహా ఇచ్చారు. ఎవరి స్పీకర్లో పెట్టినా రెండోవాళ్ళు ఒప్పుకోరు, ఉన్నది ఒకటే ఇయర్‌ఫోన్. ఒక కొస పెంచలయ్య చెవిలో, ఇంకో కొస హజరత్తయ్య చెవిలో పెట్టారు. ఆ పాట తయారైన తీరు ఏమిటంటే, గొంతూ గిటారూ ఒక చెవికి, ఫిడేళ్ళు ఇంకో చెవికి వస్తాయి. పెంచలయ్య చెవికి ఫిడేళ్ళు రాలేదు. "యాడుండాయి ఫిడేళ్ళు? ఇంకో అరవై పెట్టాల!" అని లేచాడు. హజరత్తయ్య చెవికి గొంతు రాలేదు. "నే చెప్తే ఇన్నారా? పిల్ల గొంతే లేదు గదయ్యా!" అని ఆయనా లేచాడు. ఎన్నాళ్ళనుంచో అంటున్న మాటకు ఇప్పుడు ప్రత్యక్ష సాక్ష్యం కూడా దొరికేసరికి ఇద్దరి ముఖాలూ వెలిగిపోయాయి.

అందరూ ఆదెయ్య వైపు చూశారు. ఆయన చాలాసేపు ఇసుకలోకి చూసి, గొంతు సవరించుకుని దురాయి చెప్పాడు. ఇకమీదట స్వర్ణ పాటలు బాగున్నాయని గానీ బాగాలేవని గానీ ఊళ్ళో ఎవరూ అనకూడదు. విన్నవాళ్ళు విననట్టుండాలి. విననివాళ్ళు ఎట్లాగూ విననట్టే ఉండొచ్చు. మీరినవాడు ఎంతటివాడైనా వెలి. ఆ మధ్యేమార్గాన్ని ఊరు వేనోళ్ళ పొగిడింది. సొంత కూతురని చూడలేదు, అదీ పెద్దకాపంటే అన్నారు. మర్నాడు వల చక్కగా వచ్చింది.

ఫోన్‌లో పని కావడం లేదని స్వర్ణే ఊరికి వచ్చింది. రెండు వీధులూ తిరిగింది. అందరూ బాగా చిక్కిపోయావన్నారు, ఎండలు ఎక్కువన్నారు, రొయ్యలు తీసుకుపొమ్మన్నారు. పాట మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు. ఇంట్లో అంకాలమ్మకు కడుపు మండిపోయింది.

"నా పులుసుకు చెప్పకపోతే పోనీలే అనుకున్నా. బిడ్డకు గూడా చెప్పవా? ఏం పుట్టిందయ్యా నీ నోటికి?" అని మొగుణ్ణి దులిపేసింది.

"దురాయి ఉండాది గదా మే" అన్నాడు ఆదెయ్య.

"ఆ దురాయి ఏసిన మారాజువి నువ్వే గదా!"

స్వర్ణ తిరిగి బయలుదేరింది. ఆదెయ్య ఆ పిల్ల పెట్టె పట్టుకుని మెయిన్ రోడ్డు దాకా వెళ్ళాడు. అక్కడ మస్తాన్ టీకొట్టు తప్ప ఏమీ లేదు. వాకాడు వైపు పోయే ప్రైవేటు బస్సు ఒకటి వచ్చి ఆగింది. దాని గురించి చెప్పుకోవాలి: అద్దాలు లేవు, సీట్లకు స్పంజి లేదు, తలుపు తాడుతో కట్టి ఉంటుంది, గుంతల్లో పడుతూ పోతుంది, ఎక్కినవాళ్ళ కంటే దిగినవాళ్ళే ఎక్కువ సంతోషంగా కనిపిస్తారు.

స్వర్ణ మెట్టు మీద నిలబడి మరోసారి అడిగింది. "నాయనా, ఊరోళ్ళు ఎవరూ లేరు. నేను ఎవరికీ చెప్పను. ఒక్క మాట."

ఆదెయ్య పెట్టె లోపలికి అందించాడు. "ఊరు మాటే నా మాటమ్మా" అన్నాడు.

బస్సు కదిలింది. దుమ్ము లేచింది. అది మలుపు తిరిగేదాకా చూసి, అటు చూసి, ఇటు చూసి, ఆదెయ్య గుండెలనిండా ఊపిరి పీల్చుకుని పెద్దగా అన్నాడు: "బాగుండాదమ్మా! శానా బాగుండాది!"

కొట్టు వెనక గిన్నెలు కడుగుతున్న మస్తాన్ విన్నాడు. మంచివాడు, మంచి మాట దాచుకోలేడు. వెంటనే స్వర్ణకు ఫోన్ చేసి చెప్పాడు. ఆ సంతోషంలోనే టీ తాగడానికి వచ్చినవాళ్ళకూ చెప్పాడు. బస్సు వాకాడు చేరకముందే రెండు వీధులూ ఆదెయ్య వాకిట్లో ఉన్నాయి. పెంచలయ్య, హజరత్తయ్య భుజం భుజం కలిపి నిలబడ్డారు. ఊళ్ళో తిరిగి ఐకమత్యం రావడం చూసి పెద్దవాళ్ళ కళ్ళు చెమ్మగిల్లాయి.

"దురాయి ఏసినోడే మీరితే ఎట్టా పెద్దకాపా?" అన్నాడు హజరత్తయ్య.

ఆదెయ్య నోరు తెరవబోతుండగా జేబులో ఫోన్ మోగింది. స్వర్ణ. స్పీకర్ పెట్టమన్నాడు పెంచలయ్య. ఊరి ముందర దాపరికం ఏందన్నాడు. పెట్టక తప్పలేదు.

"నాయనా!" ఆ గొంతులో ఏడుపూ నవ్వూ కలిసి ఉన్నాయి. "మస్తానన్న చెప్పినాడు. బాగుండాదన్నావంట గదా! బస్సులో అందరూ నన్నే చూస్తుండారు నాయనా, ఏడుపు ఆగడంలా. నీ నోటితో ఒక్కసారి నాకు చెప్పు నాయనా."

ఊరంతా చెవులు రిక్కించింది. ఆదెయ్య ఫోన్ వైపు చూశాడు. పెంచలయ్య వైపు, హజరత్తయ్య వైపు చూశాడు. తాత కూర్చున్న అరుగు వైపు చూశాడు.

"అది బస్సునమ్మా" అన్నాడు. "బస్సు బాగుండాదన్నా."

అవతల బస్సు గుంతలో పడి గడగడలాడింది.

"ఈ బస్సునా నాయనా?"

"ఆ బస్సునే."

"సరే నాయనా" అని స్వర్ణ పెట్టేసింది.

ఊరు ఊపిరి పీల్చుకుంది. పదవి నిలబడింది. అంకాలమ్మ ఒక్కతే లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. పెద్దకాపు అన్న మాట ఊరి మాట కాబట్టి, ఆ సాయంత్రమే తప్పెట కొట్టించి, వాకాడు బస్సు చాలా బాగుందని చాటించారు. దాని ఓనరు కొత్త బస్సు కొందామనుకుంటున్నవాడు, ఇంతమంది మెచ్చినదాన్ని మార్చడం పాపమని ఆ ఆలోచన మానుకున్నాడు. బస్సుకు కట్టమని ఊరివాళ్ళు పూలదండ కూడా పంపారు. స్వర్ణ ఇప్పటికీ ఫోన్ చేస్తుంది. వానలు పడ్డాయా అని అడుగుతుంది, అమ్మ మోకాళ్ళు ఎట్లున్నాయని అడుగుతుంది. పాటల సంగతి అడగదు. ఆదెయ్యకు ఇప్పుడు సిగ్నల్ బ్రహ్మాండంగా ఉంది. ఎదురు చూస్తుంటాడు, ఆ పిల్ల అడగదు.

మీరెప్పుడైనా అటు వస్తే ఆ బస్సే ఎక్కాలి, ఇంకోటి లేదు. నడుము పట్టుకుని దిగుతారు. మస్తాన్ టీ చేతికిస్తూ, బస్సు ఎట్టుండాదని అడుగుతాడు. చుట్టూ నలుగురు నిలబడి మీ నోటివంక చూస్తుంటారు. ఏం చెప్పాలో మీకు మేము నేర్పాలా? ఇన్నాళ్ళూ మీ ఊళ్ళో, మీ ఆఫీసులో, మీ వాట్సాప్ గ్రూపులో చెబుతూ వస్తున్నదే ఇక్కడా చెప్పండి.