ముందు చేతకాదు, ఇప్పుడు చేతనవును

చదువుకున్నవాళ్లు చదివింది వాడరు, వాడేవాళ్లు చదువుకోలేదు. ఈ రెండు మహాసత్యాలనూ ఒకే కాగితం మీద కూర్చోబెట్టడమే నాగరికతకు చివరి మెట్టని వయోజన విద్యా విభాగం తీర్మానించింది. ఆ మెట్టు ఎక్కడానికి పాఠ్యవినియోగ అధికారి అనే పదవిని సృష్టించింది. (పదవే ముందు పుట్టిందనీ, సత్యాలను తర్వాత వెతికి పట్టుకొచ్చారనీ అనేవాళ్లున్నారు. వాళ్లు ఆ పదవికి దరఖాస్తు పెట్టి రాక ఊరుకున్నవాళ్లు.)

ఈ తీర్మానం మొట్టమొదట వెళ్లి ఒక లిఫ్టు మెకానిక్‌కి తగిలింది. ఊళ్లో ప్రభుత్వ భవనాలకున్న లిఫ్టులన్నిటినీ ఇరవై రెండేళ్లుగా ఆయనే ఒంటిచేత్తో నెట్టుకొస్తున్నాడు. తలుపుకి చెవి ఆనించి, లోపలి చప్పుడు విని జబ్బేమిటో చెప్పేస్తాడు. అలాంటి మనిషి చేతికి ఒకరోజు కాగితం వచ్చింది. ఏడాదిలోగా పదో తరగతి ప్యాసు కానివారు ఆ తర్వాత లిఫ్టు మీద చెయ్యి వేయడానికి అనర్హులని అందులో ఉంది.

"ఈ వయసులో బడికెళ్తావా?" అంది భార్య, కుట్టుమిషను ఆపకుండా.

"వెళ్లకపోతే ఇంట్లో కూర్చోవాలే."

"అయితే వెళ్లు. నువ్వు పొద్దస్తమానం ఇంట్లో ఉంటే నా మిషనుకి నన్ను నూనె కూడా పెట్టుకోనివ్వవు."

తరగతి ఆయన లిఫ్టున్న భవనంలోనే, ఐదో అంతస్తులో, సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా. విద్యార్థులు పన్నెండుమంది. ఆసుపత్రి ఆయమ్మ, బస్సు కండక్టరు, గేటు కాపలాదారు, ఇలా ఎవరూ నలభైకి తక్కువ కాదు. పాఠం చెప్పేది నిరుడే ఉద్యోగంలో చేరిన అమ్మాయి. అందరికీ కూతురి ఈడుదే అయినా అందరూ "టీచరమ్మా" అనే పిలిచేవారు.

మొదటి వారమంతా మెకానిక్ వెనక బల్లమీద శ్రద్ధగా నిద్రపోయాడు. రెండో వారం టీచరమ్మ బోర్డు మీద ఒక కడ్డీ గీసి, రెండు చివర్లా బరువులు వేలాడదీసి, "మీ పనుల్లో ఎక్కడైనా ఇలాంటిది చూశారా?" అని అడిగింది.

మెకానిక్ కళ్లు తెరిచాడు. లేచి వెళ్లి ఆమె చేతిలోంచి సుద్దముక్క తీసుకున్నాడు.

"ఇటు లిఫ్టు పెట్టెమ్మా. అటు ఎదురు బరువు. పెట్టె ఎంతుందో అంతా, అందులో నిండా ఎక్కే జనం బరువులో సగమూ కలిపి అటు వేస్తాం."

"సగమే ఎందుకు?"

అది ఆయనకి తెలియదు. పని నేర్పిన గురువుని ఒకసారి అడిగితే నెత్తిన మొట్టి, "సగం వెయ్యమంటే సగం వెయ్యి" అన్నాడు. ఇప్పుడు ఇద్దరూ బోర్డు నిండా గీసి చూశారు. పెట్టె ఖాళీగా ఉన్నా, నిండుగా ఉన్నా మోటారు మీద పడే భారం ఒక్కటే అవుతుంది. ఒకసారి అటు సగం, ఇంకోసారి ఇటు సగం. తరగతి తరగతంతా ఎనిమిదింటి బస్సు సంగతి మరిచిపోయింది.

భోజనాల దగ్గర గరిటెనీ గిన్నెనీ పైకీ కిందకీ ఆడించి భార్యకి చెప్పాడు. "ఇన్నేళ్లు చేశాక, ఎందుకు చేస్తున్నానో ఇవాళ తెలిసిందే."

"అంటే ఇన్నేళ్లూ ఎందుకో తెలియకుండానే జనాన్ని ఎక్కించావా?" అంది ఆవిడ. (ఇదే ప్రశ్న కొద్ది వారాల్లో టైపు చేసి, ముద్ర వేసి వచ్చింది. కానీ ఆవిడ అడిగినప్పుడు వెనకాలే పెరుగు కూడా వడ్డించింది.)

ఇంతలో పాఠ్యవినియోగ అధికారి దగ్గర్నుంచి వినియోగ పత్రాలు దిగాయి. ప్రతి పాఠం అయ్యాక విద్యార్థి ఒకటి నింపాలి. పాఠానికి ముందు ఈ పని: చేతకాదు. పాఠం తర్వాత: చేతనవును. పక్కనే ఒక్కొక్క గడి. మూడో గడి లేదు.

"నాకు ముందునుంచీ చేతనవునమ్మా" అన్నాడు మెకానిక్.

"అలా రాస్తే పాఠం వృథా అయినట్టు లెక్కండీ. మూడు వృథా అయితే తరగతి ఎత్తేస్తారు."

"మరి నువ్వు?"

"నన్నూ ఎత్తేస్తారు."

ఆయన వెనక్కి తిరిగి చూశాడు. మందు సీసా మీది అక్షరాలను నిన్ననే కూడబలుక్కుని చదివిన ఆయమ్మ ఇవాళ కొత్త సీసా తెచ్చుకుని ముందుబల్ల మీద కూర్చుంది. ఆయన రెండు గడుల్లోనూ టిక్కు పెట్టాడు. అలా పద్నాలుగు పాఠాలకు పద్నాలుగు పత్రాలు నింపాడు.

వాటి నకళ్లు మెకానిక్ పనిచేసే ఆఫీసుకి చేరాయి. పద్నాలుగు రకాల పనులు చేతకాని మనిషి ఇన్నేళ్లు లిఫ్టులు బాగుచేశాడని ఆయనే స్వహస్తాలతో ఒప్పుకున్నాడు కనుక, ప్రజాక్షేమం దృష్ట్యా లిఫ్టులన్నిటికీ సీలు వేశారు. ఉద్యోగులు మెట్లెక్కారు. ఫైళ్లు ఏ అంతస్తులో ఉన్నవి అక్కడే ఉండిపోయాయి. (ఆ తేడా మాత్రం ఎవరూ కనిపెట్టలేదు.)

మెకానిక్ రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. మూడోరోజు సాయంత్రం విచారణకి సాక్షాత్తూ పాఠ్యవినియోగ అధికారే బయల్దేరి, అంతస్తుకొకసారి కూలబడుతూ ఇరవై నిమిషాల్లో ఐదో అంతస్తు చేరాడు. ఆయమ్మ మంచినీళ్లిచ్చి, నాడి చూసి, కాసేపు మాట్లాడొద్దంది.

ఊపిరి అందాక ఆయన అడిగాడు. "ఇన్నేళ్లూ చేతకాకుండానే చేశావటయ్యా?"

"చేతనయ్యే చేశానండీ. మీ కాగితంలో ఆ మాటకి చోటు లేదు."

"అయితే పాఠాలు వృథానా?"

"వృథా అన్నవాడి నోరు పడిపోను. పని చేతనవును, ఎందుకో తెలిసేది కాదు. ఇప్పుడు తెలిసింది. పొద్దున్నే లేవగానే ఇవాళేం చెప్తుందా అనిపిస్తోందండీ. నా పెళ్లినాడు కూడా నేను అంత పెందలాడే లేవలేదు."

టీచరమ్మ బోర్డు వైపు తిరిగి, చెరిపేసిందే మళ్లీ చెరపడం మొదలుపెట్టింది.

అధికారి ఆలోచించాడు. "చేతనవును, ఎందుకో తెలియదు అని గడి పెడితే మా ఆఫీసులో అందరూ దాంట్లోనే టిక్కు పెడతారు" అన్నాడు. తర్వాత కిటికీలోంచి కిందికి చూసి, మోకాళ్లు తడుముకున్నాడు. "ముందు లిఫ్టు తెరువు. నన్ను దింపు."

"నాకిప్పుడు అర్హత లేదండీ."

మూడో గడి అక్కడికక్కడే, టీచరమ్మ కలంతో, అధికారి స్వదస్తూరితో పుట్టింది. పద్నాలుగు పత్రాలూ తిరగరాసుకున్నారు. సీలు ఊడింది. మెకానిక్ తలుపుకి చెవి ఆనించి విని, తల ఊపి, జనాన్ని రెండు విడతలుగా దింపాడు. అధికారి మొదటి విడతలోనే దిగాడు.

పరీక్షల్లో మెకానిక్ ప్యాసయ్యాడు. భౌతికశాస్త్రంలో తొంభై ఒకటి. భార్య మార్కుల కాగితం రెండుసార్లు చదివి, కుట్టుమిషను నూనెడబ్బా ఆయన చేతికిచ్చింది. తరగతి నిలిచింది, టీచరమ్మ నిలిచింది. మరుసటి ఏడాది చేరినవాళ్లు ముప్పైమంది.

ఇన్నేళ్ల అనుభవానికి తోడు పదో తరగతి కూడా ప్యాసైన మనిషిని ఇంకా మెకానిక్‌గానే ఉంచడం చదువుకే అవమానం కాబట్టి ఆయన్ని సూపర్‌వైజరుని చేశారు. సూపర్‌వైజర్లు పనిముట్లు ముట్టకూడదు. ఆయన స్థానంలో అన్ని సబ్జెక్టుల్లోనూ మొదటి శ్రేణి వచ్చిన కొత్త మెకానిక్‌ని వేశారు. అతను తొలిరోజు ఐదో అంతస్తుకి మెట్లెక్కి వచ్చాడు. లిఫ్టంటే చిన్నప్పటినుంచీ భయమట.